బండి ఱ-4కు బదిలీ

డైరెక్టరు విశ్వపతిగారికి ప్రోగ్రాం అర్థమైపోయింది. దమయంతి కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

అంతకుముందు తొమ్మిదేళ్ళుగా ఆ ప్రోగ్రాం తన పని తాను చేసుకుపోతోంది. డెల్టా తలుపుల కార్పొరేషన్ కింద, గోదావరి కాలువల మీద నూట నలభై తలుపులున్నాయి. ఏ తలుపు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి, ఏ ఊరి వంతు ఎన్ని గంటలు అన్నదంతా ఆ ప్రోగ్రామే చూసుకుంటుంది. రాసింది దమయంతి. రాసేటప్పుడు ఆవిడ అందులోని ప్రతిదానికీ తెలుగులోనే పేరు పెట్టింది. వంతును వంతు అంది, తలుపును తలుపు అంది, నీటిమట్టాన్ని నీటిమట్టమే అంది. అక్కడక్కడా పక్కన రెండు ముక్కలు రాసి పెట్టింది కూడా. కాలువ చిట్టచివర ఉండే శివారు పొలాల దగ్గర ఇలా రాసింది: "శివారు ఎండితే ముందు శివారుకే వదలాలి. ఎగువవాళ్ళు గోల పెడతారు. పెట్టనీ."

ఇలా రాస్తే తర్వాత వచ్చేవాళ్ళకు సుఖం అని ఆవిడ ఉద్దేశం. ఉద్యోగంలో ఎదుటివాడి సుఖం కోరినవాళ్ళు ఎవరు బాగుపడ్డారు గనక!

ఆ తర్వాత వచ్చేవాడు వచ్చేశాడు కూడా. పేరు భానుమూర్తి. ఎందుకంటే దమయంతికి టెక్కలి బదిలీ అయింది. భర్త కామేశం టెక్కలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. కూతురు పల్లవి రెండో తరగతి, తండ్రి దగ్గరే. భార్యాభర్తలను ఒకచోట ఉంచాలన్న నిబంధన కింద నాలుగేళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా ఇన్నాళ్ళకు వరమిచ్చారు. ఇక మిగిలింది చార్జి అప్పగించడం ఒక్కటే. ఆ ఫారం చివర ఒక గడి ఉంటుంది. అందులో కొత్తగా వచ్చినవాడు "అర్థమైనది" అని రాసి సంతకం పెడితే, పాతవాళ్ళు రైలెక్కవచ్చు.

భానుమూర్తికి రెండు రోజుల్లో అర్థమైంది. "కథ చదువుకున్నట్టు ఉందండి మేడం" అన్నాడు. పెన్ను తీశాడు. సరిగ్గా అప్పుడు డైరెక్టరుగారు హైదరాబాదు నుంచి దిగారు.

ఆయన వెళ్ళింది కోడు భద్రత మీద రెండు రోజుల సదస్సుకు. భోజనాలు బాగున్నాయి, సంచీ ఇచ్చారు. సంచీ మీద "మీ కోడును ఈ క్షణంలో ఎవరో దొంగిలిస్తున్నారు" అని అచ్చు వేయించారు. దారి పొడుగునా ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేసరికి ఆయనకు గుండెదడ పట్టుకుంది. ఆఫీసుకు రాగానే ప్రోగ్రాం తెరిపించి చదివారు. చదివి దమయంతిని పిలిపించారు.

"దమయంతిగారూ, నేను దీన్ని చదివాను."

"సంతోషం సార్."

"సంతోషమా? నాకు అర్థమైందండీ!" అన్నారాయన. "నేను సిమెంటు, కంకర చదువుకున్నవాణ్ణి. కంప్యూటరు ముట్టుకుంటే షాకు కొడుతుందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. అటువంటి నాకే సదరు ప్రోగ్రాం ఆద్యంతం బోధపడిందంటే, ఇక దొంగకు ఎంతసేపు?"

"దీన్ని ఎవరు దొంగిలిస్తారు సార్? దొంగిలించి ఏం చేసుకుంటారు? వాడికి మన తలుపులు ఉండాలి, మన కాలువ ఉండాలి, అందులో గోదావరి ఉండాలి."

విశ్వపతిగారు నోటుపుస్తకం తీసి గబగబా రాసుకున్నారు. సాయంత్రానికి సర్క్యులరు వచ్చింది. "ప్రోగ్రాంతోబాటు తలుపులకు, కాలువలకు, గోదావరికి కూడా చోరభయము పొంచియున్నట్లు ప్రోగ్రామరు వెల్లడించియున్నందున, తక్షణ నివారణ చర్యల నిమిత్తం మూలసంకేత మసకీకరణ సంఘమును ఏర్పాటు చేయడమైనది."

మసకీకరణ అనే మాట ఆయన సొంతం. స్పష్టంగా ఉన్నదాన్ని మసకబార్చడం. ఆ మాట పుట్టిన రోజున ఆఫీసులో అందరికీ లడ్డూలు పంచారు.

సంఘానికి సలహా ఇవ్వడానికి రిత్విక్ అనే కుర్ర నిపుణుణ్ణి పిలిపించారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ అబ్బాయి మంచివాడే. ప్రోగ్రాం చూసి నిజమే చెప్పాడు.

"సార్, ప్రోగ్రాంని బయటివాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళు ఇలా చేస్తారు. మీది ఈ గది దాటి పోదు. అయినా కావాలంటే చేద్దాం, నా దగ్గర దానికో పరికరం ఉంది. పేర్లన్నీ మార్చేస్తుంది, నోట్సు తీసేస్తుంది, అంకెలను కలగాపులగం చేస్తుంది. పని మాత్రం మామూలుగానే చేస్తుంది. కాకపోతే అసలు ప్రతిని మీ దగ్గర జాగ్రత్తగా దాచుకోవాలి."

"దాచుకోవడమా?" విశ్వపతిగారు చిరునవ్వు నవ్వారు. "ఇనప్పెట్టె ఏ గదిలో ఉంటే ఆ గదికే కదయ్యా కన్నం పడేది! అసలు ప్రతి ఉన్నంతకాలం అసలు ప్రమాదం ఉన్నట్టే. చెరిపేద్దాం."

"సార్, అది చెరిపేస్తే రేపు చిన్న మార్పు చేయాలన్నా..."

"మార్పు ఎవరు చేస్తారు? అర్థమైనవాడు. అర్థమైనవాడెవడు? దొంగ కాగలవాడు. మార్పు చేయగలవాడు లేకుండా చేయడమే కదా భద్రత!"

రిత్విక్ దమయంతి వైపు చూశాడు. దమయంతి నేల వైపు చూసింది. తర్వాత అతను తన పరికరాన్ని ముట్టజెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇక కొత్త పేర్లు ఏమిటన్న ప్రశ్న వచ్చింది. క, ఖ, గ అని పెడదామన్నారెవరో. అవి ఒకటో తరగతి పిల్లలకు కూడా వచ్చు, దొంగకు రావా అన్నారు డైరెక్టరుగారు. ఆయనకు భాషాభిమానం మెండు. మన అక్షరమాలలో ఎన్నో అక్షరాలు పని లేక ఖాళీగా కూర్చుని ఉన్నాయని, వాటికి ఉద్యోగమిచ్చినట్టూ ఉంటుంది, దొంగకు నోరు తిరగకుండానూ ఉంటుందని తేల్చారు. అలా ఌ, ౡ, ఙ, ఞ, బండి ఱ అయిదుగురూ ఎన్నో తరాల తర్వాత పనిలో చేరారు. మర్నాటికి దమయంతి ప్రోగ్రాం ఇలా తయారైంది: "ఌ7 కంటే ౡ3 తక్కువైతే ఙ12ను ఱ40 చేయుము." శివారు గురించి ఆవిడ రాసుకున్న ముక్క పోయింది. అసలు ప్రతులన్నిటినీ వెతికి వెతికి చెరిపేశారు.

తొమ్మిదేళ్ళ పని అలా తన కళ్ళ ముందే పోయేసరికి దమయంతికి ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి తీరిక లేదు, ముందు సంతకం కావాలి. ఫారం పట్టుకుని భానుమూర్తి దగ్గరకు పరుగెత్తింది.

"భానుమూర్తిగారూ, మొన్న మీకు అర్థమైంది కదా. సంతకం పెట్టేయండి."

"ఊరుకోండి మేడం, ఉద్యోగం పోతుంది!" అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు అర్థమైనదని రాస్తే నేనే దొంగనవుతాను. నాకు ముక్క అర్థం కాలేదని ఇందాకే సంఘానికి రాసిచ్చాను. సారు భుజం తట్టారు. రేపట్నుంచి సంఘానికి నేనే కార్యదర్శిని."

అప్పుడు దమయంతి నియమాలు తిరగేసి చూసింది. చార్జి నియమం ప్రకారం, ప్రోగ్రాం తర్వాతివాడికి అర్థమైతేనే ఆవిడను వదలాలి. మసక నియమం ప్రకారం, ప్రోగ్రాం ఎవరికీ అర్థం కాలేదని తేలితేనే ఆవిడను వదలాలి. రెండు నియమాల కిందా సంతకం విశ్వపతిగారిదే. అడిగితే, రెండూ వేర్వేరు ఫైళ్ళు కాబట్టి వైరుధ్యం లేదన్నారు.

ఆ సాయంత్రం కామేశం ఫోను చేశాడు.

"ఎప్పుడొస్తున్నావు? బళ్ళో రెండు జడలు వేసుకు రమ్మంటున్నారు. నాకు ఒకటే వస్తోంది. అదీ నిన్న పక్కకి వెళ్ళిపోయింది."

"వచ్చేస్తానండీ. ఒక్క సంతకమే."

"నాలుగేళ్ళ నుంచీ ఒక్క సంతకమే కదా దమయంతీ" అన్నాడతను. కోపంగా కాదు, లెక్క చెబుతున్నట్టుగా అన్నాడు. ఆవిడకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

మసకీకరణ కంప్యూటరుతో ఆగితే బాగానే ఉండేది. రుచి మరిగిన పిల్లి ఉట్టి దగ్గర ఆగుతుందా? ప్రోగ్రాంలో ఊళ్ళ పేర్లు మారాయి గనక బయట కూడా మారాలన్నారు. అమలాపురం, భీమవరం, టెక్కలి, విశాఖ, కార్పొరేషన్ ఆఫీసు ఉన్న ప్రతి ఊరికీ ఒక మసక పేరు. ఏ ఊరికి ఏ పేరో డైరెక్టరుగారికి కూడా తెలియకూడదని నియమం. "నాకు తెలిస్తే నన్ను హింసించి రాబట్టవచ్చు" అన్నారాయన గంభీరంగా. అందుకని భానుమూర్తి ఒక్కడూ గదిలో తలుపేసుకుని, చీటీలు తీసి జాబితా టైపు చేశాడు. మొదటి వరుసలోనే ౡ ఎలా కొట్టాలో తెలియక దమయంతిని పిలిస్తే, ఆ ఒక్క వరుసా ఆవిడ కొట్టి ఇచ్చి వచ్చింది. జాబితా పూర్తయి, ఫైళ్ళలో ఊళ్ళ పేర్లన్నీ అతనే మార్చేశాక డైరెక్టరుగారు దాన్ని చూడకుండానే కాల్పించారు. తాళం చెవి ఉంటే అదేం తాళమని ఆయన వాదన. ఙ ఏదో ఞ ఏదో తేడా తెలియని భానుమూర్తికి ఏ ఊరు ఏదో ఆ రోజే గుర్తు లేదు.

ఆ మీదట ఆఫీసు బోర్డులు మారాయి. క్యాంటీనులో ఇడ్లీ ఞ-2 అయింది, వడ ఙ-2 అయింది. రెండో రోజుకల్లా అందరూ వేలు పెట్టి "అది" అని చూపించి తినసాగారు. మరుగుదొడ్ల తలుపుల మీద ఱ అనీ ఌ అనీ రాశారు. మూడో రోజున విశ్వపతిగారే పొరపాటున రెండో దాంట్లోకి వెళ్ళి, లోపల కేకలు విని బయటికి వచ్చి, అవమానపడటం మాని, "స్వయంగా నన్నే తప్పుదారి పట్టించిన ఏర్పాటు కావున నూరుపాళ్ళు విజయవంతం" అని ఫైలు మీద రాశారు. మా ఊరికి నీళ్ళెప్పుడని రైతులు పెట్టిన అర్జీలను "ఊరి మసకనామము తెలుపనందున" తిప్పి పంపారు. ఊరి మసకనామం చెప్పమని వాళ్ళు రాస్తే, అది రహస్యమని జవాబిచ్చారు.

దమయంతి బదిలీ ఉత్తర్వు కూడా సవరించి ఇచ్చారు. "శ్రీమతి దమయంతిని ఌ-1 నుండి బండి ఱ-4కు బదిలీ చేయడమైనది" అని ఉంది.

"ఱ-4 అంటే టెక్కలేనా సార్?"

"నాకు తెలియదు" అన్నారు విశ్వపతిగారు గర్వంగా. "ఎవరికీ తెలియదు. మీ బదిలీని ఇక ఎవరూ దొంగిలించలేరు."

గుమ్మం దాకా వెళ్ళిన ఆవిడను మళ్ళీ వెనక్కి పిలిచారు. ఇంకో చిన్న లాంఛనం ఉందట. ప్రోగ్రాం కంప్యూటరులో మసకబారింది గానీ, రాసిన మనిషి తలలో స్పష్టంగానే ఉంది కదా! ఆ తలను అలాగే ఊరు దాటనిస్తే కార్పొరేషన్ ఆస్తి తరలిపోయినట్టే. కాబట్టి ఆవిడ మరచిపోవాలి. మరచిపోయినట్టు పరీక్ష రాసి రుజువు చేసుకోవాలి. ఎన్ని తక్కువ మార్కులొస్తే అంత మంచిది. సున్నా వస్తే ప్రథమ శ్రేణి.

ముగ్గురు పరీక్షకుల ముందు దమయంతి మరపు పరీక్ష రాసింది. "ఌ7 అనగానేమి?" అన్నది మొదటి ప్రశ్న. తెలియదని రాసింది, అది నిజమే. "నీటిమట్టం అను మాట ఎప్పుడైనా విన్నారా?" అన్నది రెండోది. గోదావరి గట్టున కూర్చుని లేదని రాసింది. "ఈ ప్రశ్నలు మీకు అర్థమైనవా?" అన్నది మూడోది. కాలేదని రాసి, బయటికి వచ్చి కడుపుబ్బా నవ్వుకుంది.

లోపల పరీక్షకులకు నవ్వు రాలేదు. ఆవిడ జవాబులు తప్పో కాదో తేల్చాలంటే ఒప్పు జవాబులు తెలిసినవాడు ఒకడుండాలి. అటువంటివాడు ఉండకూడదనే కదా ఈ సంఘం! మూడు గంటలు తర్జనభర్జన పడి, సరైన జవాబు ఎవరికీ తెలియకపోవడమే మసకీకరణ పరిపూర్తికి నిదర్శనమని తీర్మానించారు. "సదరు ఉద్యోగిని సమస్తమును సంపూర్ణముగా మరచియున్నారు" అని గుండ్రని ముద్రతో ధ్రువపత్రం ఇచ్చారు.

ఇంకా "అర్థమైనది" అన్న గడి ఖాళీగానే ఉంది. ఇంతలో జూన్ వచ్చింది.

ఏటా జూన్‌లో సార్వా పంటకు నీళ్ళు వదిలే తేదీని ప్రోగ్రాంలో ఒక చోట మార్చాలి. ఒకే ఒక వరుస. మునుపు ఆ వరుస పేరు "ఈ ఏడు నీళ్ళు వదిలే రోజు". ఇప్పుడది పదకొండు వేల వరుసల్లో ఎక్కడో ఏ ఌగానో ఏ ఱగానో ఉంది. తేదీ కూడా తేదీలా లేదు. రిత్విక్ పరికరం దాన్ని ఎనిమిది అంకెల కూడికగా మార్చి ఎనిమిది చోట్ల చల్లేసింది. దమయంతి మూడు రోజులు కళ్ళు కాయలు కాసేలా వెతికింది. ధ్రువపత్రం ఉంది కదా అని చేతులు ముడుచుకుని కూర్చోవచ్చు. కానీ నారుమళ్ళు పోసిన రైతులేం పాపం చేశారు? పోనీ మొదటినుంచీ రాద్దామంటే, నూట నలభై తలుపుల కొలతలు ఎవరికి కంఠతా వస్తాయి? పెద్ద కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. పిల్ల కాలువల తలుపులు మాత్రం బిగుసుకుని కూర్చున్నాయి. నారు పసుపు రంగుకు తిరుగుతోంది.

ఫోన్లు మొదలయ్యాయి. మొదట రైతులు, తర్వాత విలేకరులు, ఆ తర్వాత రాజధాని. రాజధాని ఫోను వచ్చినప్పుడు విశ్వపతిగారు లేచి నిలబడి మాట్లాడారు.

నాలుగో రోజున భానుమూర్తి ఒక కాగితంతో పరుగెత్తుకొచ్చాడు. "సార్! ఒక్క కాలువ పారుతోంది. ఎగువ నుంచి శివారు దాకా ఏడు తలుపులూ వంతు ప్రకారం ఎత్తుతున్నారు, దించుతున్నారు. గంట కూడా తేడా రావడం లేదు."

గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. విశ్వపతిగారి ముఖం పాలిపోయింది.

"అంటే అక్కడ ఎవడికో అర్థమైంది" అన్నారాయన. "దొంగ దొరికాడు. జీపు తీయండి."

దమయంతిని కూడా ఎక్కించుకుని జీపు శివారు లాకు దగ్గర ఆగేసరికి, తలుపులు కాపలా కాసే లస్కరు యేసుపాదం లుంగీ ఎగ్గట్టి చేతిచక్రం తిప్పుతున్నాడు. మోటార్లు రాకముందు తలుపులన్నీ ఆ చక్రంతోనే ఎత్తేవారు. యాభై దాటిన మనిషి, ఒళ్ళంతా చెమట. లాకు గది చూరులో దోపి ఉన్న ప్లాస్టిక్ కవరును భానుమూర్తి లాగాడు. అందులో అంచులు నలిగిన కాగితాల బొత్తి ఉంది. దమయంతి చేతిలోకి తీసుకోగానే గుర్తు పట్టింది. నాలుగేళ్ళ క్రితం లస్కర్లకు శిక్షణ ఇచ్చినప్పుడు తనే పంచి మరచిపోయిన ప్రోగ్రాం అచ్చు కాగితాలు. నూట నలభై తలుపుల కొలతలూ ఉన్నాయి. వంతు, తలుపు, నీటిమట్టం. శివారు దగ్గర ఆవిడ రాసిన ముక్క కింద ఎర్ర పెన్సిలుతో గీత కొట్టి ఉంది.

"మిగతావోళ్ళు పొట్లాలు కట్టేసుకున్నారండి" అన్నాడు యేసుపాదం ఆవిడతో. "నేను మాత్రం దాసుకున్నానండి మేడంగారూ. శివారుకే ముందొదలాలని కాయితం మీద రాసినోళ్ళు మీరొక్కరే కదండి."

"ఇది నువ్వు చదివావా?" అడిగారు విశ్వపతిగారు.

"ఆయ్."

"చదివితే అర్థమైందా?"

"తెలుగే కదండీ బాబూ, ఎందుకర్థం కాదండి? పైనున్న ఆరుగురు లస్కర్లకీ ఫోన్లో సదివి వినిపిత్తన్నాను. తలో సెయ్యీ ఏత్తన్నారండి."

"నేరం ఒప్పుకున్నాడు! రాసుకోండి" అన్నారు విశ్వపతిగారు. కాగితాలు స్వాధీనం చేసుకుని, సీలు వేసి, ఎవరూ తెరవకుండా కోర్టులో దాఖలు చేయాలన్నారు. దమయంతి కాగితాలను గుండెకు హత్తుకుని ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆ ఉద్యోగంలో చేరాక ఆవిడ ఒక అధికారికి ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి.

"సార్, ఇవి సీలు వేస్తే మిగతా కాలువలన్నీ ఎండుతాయి. సాయంత్రానికి రాజధాని నుంచి మళ్ళీ ఫోనొస్తుంది. అప్పుడు దొంగ దొరికాడని చెబుతారా, నీళ్ళు దొరికాయని చెబుతారా?"

విశ్వపతిగారి జేబులో ఫోను మోగింది. తీసి చూసి, లేచి నిలబడబోయి, నిలబడే ఉన్నానని గ్రహించి, "చిత్తం, చిత్తం, సాయంత్రానికి" అన్నారు. ఫోను పెట్టేశాక ఆయన స్వరం మారింది.

"చోరీ సొత్తు వల్ల ప్రజాహితం సిద్ధించు పక్షంలో తత్సంబంధిత చోరుని సేవలను వినియోగించుకొనుటకు అభ్యంతరం కానరాదు" అన్నారు. "భానుమూర్తీ, ఉత్తర్వు రాయండి. ఇతనిని తాత్కాలిక గౌరవ చోరునిగా నియమించడమైనది."

"దొంగని మాత్రం రాయకండి బాబూ" అన్నాడు యేసుపాదం కంగారుగా. "మా యింటిది అన్నం ఎట్టదండి."

చివరికి "గౌరవ గ్రహీత", అంటే గ్రహించినవాడు, అని రాశారు. వెంటనే దమయంతి సంచీలోంచి చార్జి ఫారం తీసింది. అది నెలన్నర నుంచీ ఆ సంచీలోనే ఉంది. కార్పొరేషన్ మొత్తంలో ప్రోగ్రాం అర్థమైనట్టు ఉత్తర్వు ద్వారా గుర్తింపు పొందిన మనిషి ఇప్పుడు ఒకే ఒక్కడు. యేసుపాదం చేతులు లుంగీకి తుడుచుకుని, కూడబలుక్కుంటూ, "అర్థమైంది" అని రాసి సంతకం పెట్టాడు. నియమం ప్రకారం "అర్థమైనది" అని ఉండాలని భానుమూర్తి ఏదో అనబోయాడు. దమయంతి అతని వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

ఆ కాగితాలు ముందు పెట్టుకుని ఆవిడ రెండు రోజుల్లో ప్రోగ్రామంతా మళ్ళీ ఎక్కించింది. తలుపులు కదిలాయి. నారు తేరుకుంది. విశ్వపతిగారు ప్రోగ్రాం తెరిచి చూసి, మళ్ళీ అర్థమవుతోందని నిట్టూర్చి, సదస్సు సంచీని బీరువాలో పెట్టారు.

ఇక ఊరు. ఱ-4 ఎక్కడ? ఎవరినడిగినా తల అడ్డంగా ఊపారు. వెళ్ళేముందు శివారు లాకు దగ్గరకు వెళ్ళి ఆవిడ యేసుపాదానికి తన గోడు చెప్పుకుంది. అతను ఉత్తర్వు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాలవ ఎటు పారాలో కాయితం సూసి పారదండి, పల్లం సూసి పారుద్ది. మీ పల్లం ఎటో మీకు తెల్దేటండి? ఎల్లిపోండి."

దమయంతి మర్నాడు పొద్దున్నే రైలెక్కి నౌపడలో దిగి టెక్కలి వెళ్ళింది. అక్కడి సూపరింటెండెంటు అప్పలస్వామి ఉత్తర్వును కళ్ళజోడు మీంచీ కిందనుంచీ చూశాడు.

"ఇదేటమ్మా? బండి ఱ-4 అని ఉంది గానీ, మా ఊరి పేరు నేదు."

"ఇదే ఱ-4 అండీ."

"అని మాకెవులు సెప్పారు?"

"కాదని ఎవరైనా చెప్పారా?"

ఆయన ఫైళ్ళు తిరగేశాడు. "కాదని సెప్పిన కాయితం కూడా నేదు" అని ఒప్పుకుని, చేరినట్టు రాసుకున్నాడు. "నిన్నొకాయన ఙ-9 అని ఒచ్చి సేరిపోనాడు. మొన్నొకామె ఞ-3 అని ఒచ్చింది. అందరిదీ ఇదే ఊరు. ఇన్నాళ్ళ సర్వీసులో అడిగినోడికి అడిగిన ఊరు దొరకడం ఇప్పుడే సూస్తన్నాను."

వారం తర్వాత ఒక పొద్దున, బడికి టైమైపోతోందని పల్లవి గునుస్తుంటే దమయంతి రెండో జడ అల్లుతోంది. ఫోను మోగింది. భానుమూర్తి.

"మేడం, సారుకీ బదిలీ అయిందండి. ఉత్తర్వులో ౡ-1 అని ఉంది. అదెక్కడో ఎవరికీ తెలియడం లేదు. తెలియకుండా కదిలితే నియమోల్లంఘన అని సారు సామాను సర్దుకుని వరండాలో కూర్చున్నారు, మూడు రోజులైంది. ఆ వరుస ఆవేళ మీరే కొట్టారు కదండీ! మీకేమైనా గుర్తుందా?"

దమయంతికి గుర్తుంది. జాబితాలో మొదటి వరుస, తన చేత్తో కొట్టిన వరుస: విశాఖపట్నం. సముద్రం కనిపించే క్వార్టరు కోసం విశ్వపతిగారు ఆరేళ్ళుగా అర్జీలు పెట్టుకుంటున్న ఊరు అదే.

ఆవిడ జడ చివర రిబ్బను వేసి, రెండు జడలూ సమంగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుంది.

"అయ్యో భానుమూర్తిగారూ, మీరే కదా ధ్రువపత్రం ఇచ్చారు" అంది. "సంపూర్ణంగా మరచిపోయాను."